విదేశీ టూరుకు నోట్లెన్ని, కార్డులో ఎంత? తిరుపతి నుంచి బయల్దేరేవాళ్ళ కోసం

సింగపూర్ టిక్కెట్లు బుక్ చేసిన రోజు సాయంత్రమే మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. "నోటు చేతిలో ఉంటే ఏ ఊరైనా మన ఊరే అల్లుడూ, మొత్తం డాలర్లు కట్టుకుని పోదాం" అని మా మామ. చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్ళు రొక్కం మీదే బేరాలు నడిపిన మనిషి. "తాతా, అక్కడ నోట్లు ఎవరు వాడతారు? ఒక్క కార్డు చాలు" అని మా వాడు. ఐదు రోజులు తిరిగొచ్చేసరికి ఇద్దరూ కొంత గెలిచారు, కొంత ఓడారు. మధ్యలో నేను ఒక్క బటన్ తప్పు నొక్కి పదిహేను వందల పైచిలుకు పోగొట్టుకున్నాను. ఆ కథ దాని చోట చెబుతాను.

తర్వాత బ్యాంకాక్, దుబాయ్ కూడా చూసొచ్చాక నాకు అర్థమైంది ఇది: నోట్లా, కార్డా అని మొత్తం డబ్బు గురించి ఒకేసారి అడిగితే జవాబు దొరకదు. ఏ ఖర్చుకు ఏది అని విడివిడిగా అడగాలి. అలా అడిగితే సగం టెన్షన్ ఇంట్లోనే తీరిపోతుంది.

మొదటి అడుగు: ఖర్చుల కాగితం

ఒక కాగితం తీసుకుని, అక్కడ దిగాక మీ చేతి నుంచి పోయే ప్రతి ఖర్చూ రాయండి. విమానం, హోటల్ ఇక్కడే కట్టేసి ఉంటే వాటిని వదిలేయండి. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కు టాక్సీ, రోజుకు మూడు పూటల తిండి, లోకల్ రైలు, చూసే చోట్ల టిక్కెట్లు, హోటల్ అడిగే డిపాజిట్, షాపింగ్, టిప్పులు. ఒక్కో దాని పక్కన 'నో' అనో 'కా' అనో గుర్తు పెట్టండి. ఏ గుర్తు పెట్టాలో దేశాన్ని బట్టి మారుతుంది.

సింగపూర్‌లో షాపులు, మాల్స్, టిక్కెట్ కౌంటర్లు అన్నీ కార్డే. మెట్రో, బస్సుల్లో కూడా మన కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డులను గేటు దగ్గర తాకిస్తే చాలు. విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్లు అదనంగా పట్టుకుంటారు, అది పెద్ద లెక్క కాదు. అసలు చిక్కు వేరే ఉంది. ఒక కార్డు మీద ఒక్కరే వెళ్ళాలి. మేము నలుగురం, కార్డులు రెండు. నేను తాకించి లోపలికి వెళ్ళి, అదే కార్డును గేటు మీదుగా మామకు అందించబోతే అక్కడి ఉద్యోగి నవ్వి ఆపేశాడు. మిగతా ఇద్దరికీ అక్కడి ట్రావెల్ కార్డులు కొనాల్సి వచ్చింది. ఇక హాకర్ సెంటర్లు, అంటే మన ఫుడ్ కోర్టుల్లాంటివి. అక్కడ చాలా దుకాణాల్లో నోట్లు, లేదంటే వాళ్ళ లోకల్ క్యూఆర్. మామ గెలిచింది అక్కడే. ఇడ్లీ, టీ డబ్బులు మూడు రోజులు ఆయన జేబులోంచే వెళ్ళాయి.

థాయ్‌లాండ్ వెళ్తే నోట్ల వాటా బాగా పెంచండి. వీధి తిండి, టుక్‌టుక్, రాత్రి సంతలు, దీవులకు వెళ్ళే చిన్న పడవలు అన్నీ రొక్కమే. కార్డు తీసుకునే చిన్న షాపులు కొన్ని మూడు శాతం అదనంగా అడుగుతాయి. అక్కడ గోడ గోడకూ క్యూఆర్ కనిపిస్తుంది, కానీ అది వాళ్ళ బ్యాంకులది. మన యూపీఐ పని చేయదనే అనుకుని వెళ్ళండి.

దుబాయ్‌లో మాల్స్, టాక్సీలు కార్డుతో నడిచిపోతాయి. క్రీక్ దాటించే అబ్రా పడవకు మాత్రం ఒక దిర్హామ్ చిల్లర చేతిలో పెట్టాలి. డేరా గోల్డ్ సూక్‌లో, అంటే బంగారం బజారులో, బేరం ఆడేవాళ్ళకు రొక్కం బలం ఇంకా ఉంది. యూరప్‌లో స్వీడన్ లాంటి చోట్ల నోటు చూస్తే వింతగా చూస్తారు, జర్మనీలో చిన్న హోటళ్ళు ఇప్పటికీ నోట్లే అడుగుతాయి. పబ్లిక్ టాయిలెట్లకు యూరో చిల్లర నాణేలు కావాలి. జపాన్‌లో చిన్న భోజన హోటళ్ళలో, గుళ్ళలో రొక్కమే నయం. అక్కడ సెవెన్ ఇలెవెన్ దుకాణాల ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి.

మా సింగపూర్ కాగితం చివరికి ఇలా తేలింది: మొత్తం 1,500 సింగపూర్ డాలర్లు అనుకుంటే, 400 నోట్లు, 1,100 కార్డు. బ్యాంకాక్‌కు దాదాపు సగం సగం చేశాం.

రెండో అడుగు: ఏ కార్డు?

కార్డు అంటే మన ఇళ్ళలో మూడు రకాలు. మామూలు డెబిట్, క్రెడిట్, బ్యాంకులూ మనీ ఛేంజర్లూ ఇచ్చే ఫారెక్స్ కార్డు. మూడూ ఒకేలా గీకుతాయి గానీ మూడింటి లెక్కలు వేరు.

క్రెడిట్ కార్డుతో బయట దేశంలో కొంటే చాలా బ్యాంకులు మార్కప్ అని 3.5 శాతం దాకా వేస్తాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం. సింగపూర్ డాలరు అసలు రేటు 70 రూపాయలు అనుకుందాం. వెయ్యి డాలర్ల సరుకు 70,000 కావాలి, బిల్లు 72,891 వస్తుంది. కొన్ని కార్డులకు మార్కప్ రెండు శాతమే, కొన్నింటికి అసలు ఉండదు. మీ కార్డుకు ఎంతో బ్యాంకు సైట్‌లో ఛార్జీల పట్టికలో ఉంటుంది. అది చూడకుండా వెళ్ళొద్దు. మార్కప్ లేని కార్డు ఉంటే షాపింగ్ అంతా దాని మీదే పెట్టేయండి, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం మాత్రం వద్దేవద్దు. కొనుగోలుకు ఉండే వడ్డీ లేని గడువు రొక్కానికి ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, పైన ఫీజు వేరే. వడ్డీకాసులవాడి ఊరివాళ్ళం, కుబేరుడి అప్పు ఇంకా తీరలేదని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్ళం. మనకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫారెక్స్ కార్డులో ముందే డబ్బు నింపుకుంటాం. నింపిన రోజు రేటే ఖాయం కాబట్టి, తర్వాత రూపాయి పడిపోయినా మీకు నొప్పి లేదు. పోయినా అందులో ఉన్నంతే పోతుంది, సేవింగ్స్ ఖాతా జోలికి రాదు. కాకపోతే ఏ దేశం కరెన్సీ నింపామన్నదే ప్రాణం. డాలర్లు నింపిన కార్డుతో బ్యాంకాక్‌లో బాత్‌లు కడితే, మార్చినందుకు మళ్ళీ ఒక ఫీజు పడుతుంది. చాలా కార్డుల్లో అదీ 3.5 శాతం దరిదాపే. మా పక్కింటి వాళ్ళు ఇలాగే చేసి, "క్రెడిట్ కార్డే నయం కదన్నా" అన్నారు. నిజమే. మీరు వెళ్ళే దేశం కరెన్సీ ఆ కార్డులో లేకపోతే ఆ కార్డు మీకు కాదు.

ఇంకోటి. హోటల్‌లో చెకిన్ అయ్యేటప్పుడు డిపాజిట్‌కు ఫారెక్స్ కార్డు ఇవ్వకండి. వాళ్ళు డబ్బు తీసుకోకుండా కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు. గది ఖాళీ చేశాక ఆ పట్టు వదలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. టూరు మధ్యలో మీ సొంత డబ్బు మీకే అందదు. క్రెడిట్ కార్డయితే లిమిట్‌లో ఆగుతుంది, మీ చేతి డబ్బు కదలదు. కారు అద్దెకు తీసుకునే చోట్ల చాలావరకు క్రెడిట్ కార్డే అడుగుతారు.

డెబిట్ కార్డును అవసరానికి ఏటీఎంలో తీసుకోవడానికి మాత్రం ఉంచుకోండి. జీతం పడే ఖాతా కార్డు కాకుండా, ఇంకో ఖాతాలో ముప్పై నలభై వేలు వేసి ఆ కార్డు పట్టుకెళ్ళండి.

మూడో అడుగు: కార్డును ఇంట్లోనే నిద్ర లేపడం

2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. షాపులో వాడేదానికి, ఏటీఎంకు, ఆన్‌లైన్‌కు వేర్వేరు స్విచ్చులు ఉంటాయి. రోజు లిమిట్ కూడా అక్కడే పెట్టుకోండి. క్రెడిట్ కార్డు పిన్ చాలామందికి గుర్తుండదు, ఇక్కడే పెట్రోల్ బంకులో ఒకసారి వాడి చూడండి. ఓటీపీలు రావాలంటే సిమ్‌కు రోమింగ్ ఆన్ అయి ఉండాలి. రెండు కార్డులు వేర్వేరు బ్యాంకులవి, వీలైతే ఒకటి వీసా, ఇంకోటి మాస్టర్‌కార్డ్ అయితే నిశ్చింత.

యూపీఐ విషయం రోంత చూసుకోండి. శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది. నేపాల్, భూటాన్, సింగపూర్, యూఏఈలలో కొన్ని దుకాణాల్లో, పారిస్‌లో ఈఫిల్ టవర్ టిక్కెట్లకు పని చేస్తుంది. ముందుగా మీ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేయాలి. దొరికితే వాడండి, దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్ళకండి.

నాలుగో అడుగు: నోట్లు కొనడం

మన వైపు నుంచి ఎక్కువమంది చెన్నై వెళ్ళో, బెంగళూరు వెళ్ళో విమానం ఎక్కుతారు. "ఎలాగూ ఎయిర్‌పోర్ట్‌కు పోతున్నాం కదా, అక్కడే మార్చుకుందాం" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. కొండ మీద నిలువు దోపిడీ మనం మొక్కుకుని ఇచ్చేది, పుణ్యమైనా వస్తుంది. ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో జరిగే నిలువు దోపిడీకి అదీ లేదు. బయట 71 చిల్లరకు దొరికే సింగపూర్ డాలరును అక్కడ ఐదారు రూపాయలు ఎక్కువ పెట్టి కొనడం నా కళ్ళతో చూశాను.

వారం పది రోజుల ముందే మొదలుపెట్టండి. తిరుపతిలో మనీ ఛేంజర్లు ఉన్నారు. మీ బ్యాంకును కూడా అడగండి, చెన్నైలో ఉన్న చుట్టాలతో కూడా అడిగించండి. అడిగేటప్పుడు "రేటెంత?" అనకండి. ఇలా అడగండి: "అన్నా, 400 సింగపూర్ డాలర్లు నా చేతిలో పెట్టడానికి మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలి, పన్నూ సర్వీసూ అన్నీ కలిపి?" ఆ మొత్తాన్ని 400తో భాగించి, ఫోన్‌లో కనిపించే అసలు రేటుతో పోల్చండి. రెండు శాతం తేడా వరకు సరే, ఐదు దాటితే లేచి వచ్చేయండి. లేచినప్పుడు రేటు కాస్త దిగడం కూడా కద్దు.

పన్ను లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. లక్ష రూపాయల దాకా కరెన్సీ కొంటే, అందులో ఒక శాతాన్ని సర్వీసు విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. 28,000 రూపాయల కరెన్సీకి 50 రూపాయల చిల్లర. కనీసం 45 రూపాయలు పడుతుంది కాబట్టి రోజుకు కొంచెం కొంచెంగా కొనే పని పెట్టుకోకండి. పాస్‌పోర్ట్, పాన్, టిక్కెట్ వెంట ఉండాలి. 50,000 రూపాయలు దాటితే రొక్కం తీసుకోరు, చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ కావాలి. మామ సంచీలో కట్టలు పట్టుకొచ్చి, కౌంటర్లో ఆ మాట విని మళ్ళీ సంచీ మూసిన దృశ్యం నాకింకా గుర్తే. మొత్తానికి ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్ల విలువ దాకా నోట్ల రూపంలో కొనొచ్చు. సెలవులకు వెళ్ళేవాళ్ళు ఆ గీత దాకా వెళ్ళే అవసరం రాదు.

రసీదు అడిగి తీసుకోండి. మిగిలిన నోట్లు తిరిగి ఇచ్చేటప్పుడు అది అడుగుతారు. చిన్న నోట్లు కావాలని ముందే చెప్పండి. టాక్సీవాడికి, టీ కొట్టుకు వంద నోటు చూపిస్తే మొహం చిట్లిస్తారు.

సింగపూర్ డాలరు, దిర్హామ్, యూరో, పౌండ్ ఇక్కడే కొనుక్కోవచ్చు. ఇండోనేషియా రుపియా, వియత్నాం డాంగ్ లాంటివి ఇక్కడ దొరికినా రేటు బాగోదు. అలాంటి దేశాలకు అమెరికన్ డాలర్లు తీసుకెళ్ళి అక్కడ ఊళ్ళో మార్చుకోవడం నయం. అప్పుడు కొత్త డిజైన్ 100 డాలర్ల నోట్లు, అంటే 2013 అక్టోబర్ నుంచి చలామణిలోకి వచ్చిన నీలం పట్టీ ఉన్నవి అడగండి. మడత నలిగినా, పెన్ను గీత ఉన్నా అక్కడ చాలా కౌంటర్లు తిప్పి ఇచ్చేస్తాయి. థాయ్ బాత్‌కు రెండు దారులూ లెక్కేసి చూడండి, ఒక్కోసారి ఒక్కోటి గెలుస్తుంది.

మన రూపాయి నోట్లు కూడా ఒక మనిషి 25,000 దాకా వెంట తీసుకెళ్ళొచ్చు. తిరుగు ప్రయాణంలో చెన్నై నుంచి ఇంటికి చేరే ఖర్చు ఎలాగూ ఉండాలి. సింగపూర్ లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్ చుట్టుపక్కల మనీ ఛేంజర్లు రూపాయలు కూడా తీసుకుంటారు, అత్యవసరమైతే అదొక ఆసరా.

ఐదో అడుగు: పంచి దాచడం

మా అవ్వ కొండకు వెళ్ళేటప్పుడు పసుపు బట్టలో కట్టిన ముడుపు ఒకచోట, దారి ఖర్చు ఇంకోచోట పెట్టేది. ముడుపు ఎంత అవసరమొచ్చినా విప్పేది కాదు. అదే పద్ధతి. ఆ రోజు ఖర్చుకు తగినంత పర్సులో. మిగతా నోట్లు ఇద్దరి దగ్గర విడివిడిగా. రెండు వందల అమెరికన్ డాలర్లు, రెండో కార్డు పాస్‌పోర్ట్ జిరాక్స్‌తో కలిపి వేరే సంచీలో. ఆ మూట విప్పకుండా తిరిగొస్తే టూరు బాగా జరిగినట్టు. చెకిన్ సూట్‌కేసులో మాత్రం ఒక్క నోటు కూడా పెట్టకండి.

ఆరో అడుగు: అక్కడి కౌంటర్ దగ్గర

ఇప్పుడు నా పదిహేను వందల కథ. మూడో రోజు ఒక పెద్ద షాపులో మా ఆవిడకు వాచీ, మా వాడికి బూట్లు, ఇంకా ఏవేవో కలిపి 400 డాలర్ల బిల్లయింది. కార్డు పెట్టగానే మెషిన్ స్క్రీన్ మీద రెండు గళ్ళు వచ్చాయి. ఒకదాంట్లో ఎస్‌జీడీ, ఇంకోదాంట్లో ఐఎన్‌ఆర్, పక్కన రూపాయల్లో మొత్తం. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా, "రూపాయల్లో కడతారా సార్, మీకు లెక్క తెలుస్తుంది" అంది. మన రూపాయి మనకు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చినట్టయి దాన్నే నొక్కాను. ఇంటికొచ్చి స్టేట్‌మెంట్ చూస్తే 28,000 ఉండాల్సిన చోట 29,500 దాటింది. పైగా విదేశంలో రూపాయల్లో బిల్లు చేసినందుకు మా బ్యాంకు ఇంకో చిన్న ఫీజు వేసింది.

జరిగింది ఏమిటంటే, రూపాయలు నొక్కగానే మార్పిడి చేసేది మన బ్యాంకు కాదు, ఆ మెషిన్ వెనక ఉన్న కంపెనీ. రేటు వాళ్ళిష్టం, లాభంలో షాపుకు కూడా వాటా ఉంటుంది. నా కార్డుకు మార్కప్ తక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. అందుకే మెషిన్ ఎప్పుడు అడిగినా ఆ దేశం కరెన్సీనే నొక్కండి. మిమ్మల్ని అడక్కుండా రూపాయల్లో బిల్లు కొడితే సంతకం పెట్టకుండా, పిన్ నొక్కకుండా రద్దు చేసి మళ్ళీ కొట్టమనండి. ఆ హక్కు మనకుంది. ఏటీఎంలలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడ 'మార్పిడి లేకుండా కొనసాగించు' అనే అర్థం వచ్చే బటన్ కాస్త మూలగా, మసకగా ఉంటుంది. తొందరపడకుండా వెతకండి.

ఏటీఎం ఫీజుల లెక్క వేరు. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుకు ఒక్కసారి తీస్తే 220 బాత్‌లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. 2,000 బాత్‌లు తీస్తే అది 11 శాతం. 20,000 తీస్తే 1.1 శాతం. పైన మన బ్యాంకు ఫీజు కూడా ప్రతిసారీ ఉంటుంది. తీస్తే ఒక్కసారే తీయండి, బ్యాంకు బ్రాంచి లోపల ఉన్న మెషిన్‌లోనే తీయండి. కార్డు ఇరుక్కుంటే అడగడానికి ఒక మనిషైనా ఉంటాడు.

ఏడో అడుగు: కార్డు పోతే

ముందు యాప్ తెరిచి కార్డును ఆపేయండి, తర్వాత బ్యాంకుకు ఫోన్. మన 1800 నంబర్లు బయట దేశం నుంచి చాలాసార్లు కలవవు. +91తో మొదలయ్యే నంబరును కాగితం మీద రాసుకుని వెళ్ళండి, ఫోనే పోతే అదే దిక్కు. రిజర్వ్ బ్యాంక్ 2017లో ఇచ్చిన నియమాల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా జరిగిన మోసాన్ని సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే భారం మీ మీద పడదు. పిన్ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే, మీరు ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే. అందుకే టూరులో ఉన్నా రోజూ రాత్రి పడుకునే ముందు మెసేజ్‌లు ఒకసారి తిరగేయండి.

ఎనిమిదో అడుగు: తిరిగొచ్చాక

మిగిలిన విదేశీ నోట్లను 180 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. 2,000 అమెరికన్ డాలర్ల విలువ దాకా మాత్రం వచ్చే టూరు కోసం ఉంచుకోవచ్చు. అమ్మితే కొన్న రేటు రాదు. మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉంటే దాచుకోవడమే లాభం. ఫారెక్స్ కార్డులో మిగిలిన డబ్బును అలా వదిలేస్తే కొన్ని బ్యాంకులు వాడనందుకు కూడా ఫీజు కోస్తాయి, వెనక్కి తీసేసుకోండి. క్రెడిట్ కార్డు బిల్లును రసీదులతో ఒక్కో వరుసా సరిచూడండి. హోటల్ డిపాజిట్ పట్టు వదిలిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. పన్ను సంగతి ఒక్క మాటలో: ఫారెక్స్ కార్డు, నోట్ల లాంటివి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితేనే టీసీఎస్ అనే కోత పడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి. మామూలు కుటుంబం టూరుకు అది తగలదు. ప్యాకేజీ టూరు కొంటే మాత్రం టీసీఎస్ లెక్క వేరుగా ఉంటుంది, ఏజెంటును అడిగి బిల్లులో చూపించమనండి.

ఇక నాణేలు. వాటిని ఏ మనీ ఛేంజరూ తీసుకోడు. మామ జేబులోంచి సింగపూర్ నాణేలు ఒక గుప్పెడు వచ్చాయి. మా వాడు వాటిని డబ్బాలో వేసుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాతి శనివారం కొండకు వెళ్ళి హుండీలో వేశాడు. పరకామణిలో దేశదేశాల నాణేలు లెక్కపెట్టేవాళ్ళకు ఇదేం కొత్త కాదు. 50 డాలర్ల నోటు ఒకటి మిగిలితే మాత్రం పర్సులో మడత పడకుండా పెట్టుకున్నాడు. "అదెందుకు మామా?" అంటే, "వచ్చే ఏడు మలేషియా అంటున్నారుగా, దారిలో సింగపూర్ తగలదా?" అన్నాడు.